నల్ల పట్టీలు ఉంటే ఉండనివ్వండి... మనిషిని మాత్రం కోయకండి!

212 ఫోటోలు. చేతిలో టీ చల్లారేలోపు అన్నీ ఒకే సైజుకి వచ్చేశాయి. 1920 బై 1080. టీవీకి అచ్చు గుద్దినట్టు సరిపోయే సైజు. ఆ రాత్రి నా తెలివికి నేనే మురిసిపోయా.

తాతయ్య పోయిన పదో రోజది. మునగాలలో మా ఇంటి వసారాలో ల్యాప్‌టాప్‌ పెట్టుకుని కూర్చున్నా. మర్నాడే పెద్దకర్మ. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ... ఎక్కడెక్కడి చుట్టాలో వస్తారు. భోజనాల టెంటు కింద ఓ పక్కన టీవీ పెట్టి, తాతయ్య ఫోటోలు ఒకదాని తర్వాత ఒకటి వచ్చేలా చేద్దామన్న ఐడియా నాదే. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్‌ ఉద్యోగం చేసే మనవడి వల్ల ఇంటికి ఆ మాత్రం ఉపయోగం ఉండాలి కదా! మామూలుగా అయితే వైఫై ఆగిపోయినప్పుడే నేను గుర్తొస్తా.

ఫోటోలు పోగుచేయడానికే మూడు రోజులు పట్టింది. కొన్ని ట్రంకుపెట్టెలో, పాత పట్టాదారు పాసుపుస్తకాల కింద దొరికాయి. కొన్ని గోడ మీది ఫ్రేముల్లోంచి తీశాం. అత్తయ్య మిర్యాలగూడ నుంచి వాట్సాప్‌లో యాభై దాకా పంపింది. బాబాయ్‌ దగ్గర పెళ్లి ఆల్బమ్, నాన్న దగ్గర పాత కీప్యాడ్‌ ఫోన్‌ మెమరీ కార్డు. నలుపు తెలుపువి, పసుపెక్కిన రంగువి, నిలువువి, అడ్డంవి, నలుచదరంవి. ఒక్కోటి ఒక్కో కొలత. టీవీ కొలత మాత్రం ఒక్కటే.

అందుకే చిన్న స్క్రిప్ట్‌ రాశా. ప్రతి ఫోటోనూ తెర నిండేంత పెద్దది చెయ్యి, తెర దాటి బయటికి పోయిన భాగాన్ని కోసెయ్యి. అంతే. రన్‌ చేశా. నాలుగైదు ఫోటోలు తెరిచి చూశా. ఎక్కడా ఖాళీ లేదు, నల్ల పట్టీ లేదు. అచ్చం సినిమాలా ఉన్నాయి. పెన్‌డ్రైవ్‌లో వేసుకుని పడుకున్నా.

మర్నాడు నాయనమ్మ ప్లాస్టిక్‌ కుర్చీ వేయించుకుని టీవీ ముందే కూర్చుంది. తాతయ్య ఎడ్లబండి మీద ఉన్న ఫోటో వస్తే నవ్వింది. పది రోజుల్లో ఆమె నవ్వడం అదే మొదలు. నాకు ఛాతీ పొంగింది. తర్వాత ఇంట్లో అందరూ ఉన్న పాత ఫోటో వచ్చింది. 1971లో మా ఇంటి ముందు తీసింది. మధ్యలో కుర్చీలో తాతయ్య, పక్కన నాయనమ్మ, పెదనాన్న, అత్తయ్య, నాలుగేళ్ల మా నాన్న. నాయనమ్మ ముందుకు వంగింది. "ఆగాగు" అనేలోపే ఫోటో మారిపోయింది.

వెనక్కి తిప్పి ఆపా. ఆమె లేచి టీవీ దగ్గరికొచ్చి, తెర కింది అంచు మీద వేలు పెట్టింది.

"నా చిన్నది ఏదిరా?"

నాకు అర్థం కాలేదు. అత్తయ్యకు అర్థమైంది. నాన్న తర్వాత పుట్టిన ఆడపిల్ల. ఆ ఫోటో తీసిన మరుసటి ఏడాది జ్వరమొచ్చి పోయింది. మూడేళ్ల పిల్ల. అసలు ఫోటోలో అందరి ముందూ చాప మీద కూర్చుని ఉంటుంది. ఆ పిల్లకి ఉన్న ఫోటో ఆ ఒక్కటే. నేను తయారుచేసిన దాంట్లో తెర కింది అంచున ఓ నల్లటి మరకలాంటిది కనిపిస్తోంది. అది ఆ పిల్ల జుట్టు. మిగతాదంతా నా స్క్రిప్ట్‌ కోసేసింది.

నాయనమ్మ నన్నేమీ అనలేదు. "పోనీలే నాయనా, ఇంట్లో ఉందిగా" అని వెళ్లి కూర్చుంది. అనుంటే బాగుండేది.

525 వరుసల లెక్క

ఆ రాత్రే కూర్చుని లెక్క తీశా. ఆ ఫోటో నలుచదరంగా ఉంటుంది. అప్పట్లో ఊళ్లలో తిరిగే ఫోటోగ్రాఫర్లు ఎక్కువగా వాడిన 120 ఫిల్మ్‌లో ఒక్కో బొమ్మ ఆరు సెంటీమీటర్ల పొడవు, ఆరు సెంటీమీటర్ల వెడల్పు. నేను స్కాన్‌ చేసింది 2400 బై 2400 పిక్సెళ్లు. దాన్ని 16:9 తెరకు నిండుగా కోస్తే మిగిలే ఎత్తు 1350 వరుసలే. అంటే పైన 525, కింద 525 ఎగిరిపోయాయి. పై 525లో వేపచెట్టు కొమ్మలున్నాయి. పోతే పోయాయి. కింది 525లో ఆ పిల్ల ఉంది.

ఇక్కడ కంప్యూటర్‌ తప్పేం లేదు. 'మధ్యలో ఉన్నది ఉంచు, అంచులు తియ్యి' అన్నది నేనే. మరి ఫ్యామిలీ ఫోటోలో అంచుల్లో ఉండేదెవరో ఒకసారి ఆలోచించండి. పెద్దాయన మధ్యలో కుర్చీలో ఉంటాడు. పిల్లలు కింద చాప మీద. కోడళ్లు, పొడుగువాళ్లు వెనక వరుసలో. ఆఖర్న పరిగెత్తుకొచ్చి నిలబడ్డవాడు ఏదో ఓ మూల. పైనా కిందా కోస్తే పిల్లలూ, వెనక వరుసా పోతాయి. కుర్చీలో కూర్చున్నాయన ఎప్పుడూ క్షేమమే!

ఫోన్లో ఇప్పుడు తీసే ఫోటోలకు కూడా ఈ బెడద తప్పదు. అడ్డంగా పట్టుకుని తీసిన మామూలు ఫోన్‌ ఫోటో 4:3. దాన్ని వెడల్పు తెరకు నిండుగా కోస్తే నాలుగో వంతు పోతుంది. స్టూడియో వాళ్లిచ్చే ఆరు బై నాలుగు ప్రింటు అయితే సుమారు 16 శాతం. మనం రోజూ తీసే నిలువు ఫోటో ఉంది చూశారూ, దాని సంగతి మరీ అన్యాయం. 58 శాతం పోతుంది. చీర కట్టుకుని నిండుగా నిలబడిన అమ్మ ఫోటో పెడితే, తెర మీద మెడ నుంచి నడుం దాకా మిగులుతుంది. ఒక్కోసారి తల కూడా ఉండదు.

కోయడం ఇష్టం లేక సాగదీసేవాళ్లు ఇంకో రకం. రిమోట్‌లో 'వైడ్‌' నొక్కితే 4:3 ఫోటోలో ఉన్నవాళ్లంతా మూడో వంతు లావైపోతారు. నలుచదరం ఫోటో అయితే దాదాపు ఎనభై శాతం. ఫంక్షన్‌ హాళ్లలో ఇలాంటి వధూవరుల్ని చాలామందిని చూశా. పాపం, ఆర్నెల్లు జిమ్‌కి వెళ్లి ఉంటారు.

ఫోటోని పిలవని పంచాయితీ

అసలీ 16:9 అన్న కొలత ఎక్కడి నుంచొచ్చింది? నేనైతే మనిషి చూపు వెడల్పుగా ఉంటుంది కాబట్టి అలా పెట్టారేమో అనుకునేవాణ్ని. కాదు. అదో రాజీ.

1890ల్లో ఎడిసన్‌ దగ్గర పనిచేసిన విలియం డిక్సన్‌ 35 మిల్లీమీటర్ల ఫిల్మ్‌ మీద సినిమా బొమ్మకు 4:3 కొలత పెట్టాడు. తర్వాత వచ్చిన టీవీ అదే కొలత తీసుకుంది. ఇంట్లోనే బొమ్మ కనబడుతుంటే జనం థియేటర్‌కి ఎందుకొస్తారు? అందుకని 1950ల్లో హాలీవుడ్‌ తెరను అటూ ఇటూ సాగదీసింది. 1953లో సినిమాస్కోప్‌ వచ్చింది. మనకు 1974లో కృష్ణ 'అల్లూరి సీతారామరాజు'తో తెలుగులో తొలి సినిమాస్కోప్‌ వచ్చింది. స్కోప్‌ అంటే సుమారు 2.35:1. తాతయ్య ఆ సినిమా గురించి చెప్పినప్పుడల్లా చేతులు రెండూ బారచాపి చూపించేవాడు, తెర ఇంత అని.

1980ల్లో హైడెఫినిషన్‌ టీవీ తయారీ మొదలయ్యేసరికి గొడవొచ్చింది. ఒక పక్క 4:3 పాత టీవీ కార్యక్రమాలు, ఇంకో పక్క 2.35 సినిమాలు. ఎవరికి తగ్గట్టు పెట్టె చేయాలి? అమెరికాలో సినిమా, టీవీ ఇంజనీర్ల సంఘంలో పనిచేస్తున్న కెర్న్స్‌ పవర్స్‌ రెండు కొలతలకూ మధ్యస్థంగా ఉండేది లెక్కగట్టాడు. 1.33ని 2.35తో గుణించి వర్గమూలం తీయండి. 1.77 వస్తుంది. 16ని 9తో భాగించినా దాదాపు అంతే! ఇంటర్‌లో చదివిన గుణమధ్యమం పనికొచ్చిన చోటు చూసి నేనే ఆశ్చర్యపోయా.

అంటే ఇప్పుడు మన ఇళ్లలో ఉన్న టీవీ, ఆఫీసుల్లో ఉన్న మానిటర్, అన్నీ సినిమాకీ టీవీకీ మధ్య కుదిరిన ఒప్పందం కొలతలో ఉన్నాయి. ఆ పంచాయితీకి ఫోటోని ఎవరూ పిలవలేదు. 1925లో లైకా కెమెరాతో బాగా స్థిరపడ్డ 36 బై 24 మిల్లీమీటర్ల ఫిల్మ్‌ 3:2. పాత స్టూడియో నలుచదరం 1:1. ఫోన్‌ 4:3. మన ఆల్బమ్‌లో వెతికినా 16:9 ఫోటో దొరకడం కష్టం. దొరికిందంటే అది వీడియోలోంచి తీసిన స్క్రీన్‌షాటే అయ్యుంటుంది. కాబట్టి ఫోటో తెరకు సరిపోలేదని బాధపడక్కర్లేదు. తెరే ఫోటో కోసం చేసింది కాదు.

మునగాలవాళ్లకి ఇలాంటి అతకని కొలతలు కొత్తేం కాదులెండి. ఒకప్పుడు చుట్టూ నైజాం రాజ్యం, మధ్యలో బ్రిటిష్‌ వాళ్ల కృష్ణా జిల్లా కింద మా మునగాల పరగణా. ఫ్రేములో ఇంకో ఫ్రేమన్నమాట. రాజా నాయని వెంకటరంగారావు జమీందారు, కొమర్రాజు లక్ష్మణరావు దివాను. ఆ ఇద్దరూ పూనుకుంటేనే 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం లాంటి గ్రంథాలయం వచ్చింది. తాతయ్యను కదిలిస్తే చాలు, ఈ కథ మొదలుపెట్టేవాడు. సరే, అసలు విషయానికొద్దాం.

ఏం మార్చానంటే...

ఆ రాత్రి స్క్రిప్ట్‌లో మార్చింది ఒక్క మాటే. వెబ్‌సైట్లు చేసేవాళ్లకి 'కవర్‌', 'కంటెయిన్‌' రోజూ కనబడే మాటలు. కవర్‌ అంటే తెర నిండాలి, ఫోటో ఏమైపోయినా సరే. కంటెయిన్‌ అంటే ఫోటో మొత్తం కనబడాలి, తెర ఖాళీగా ఉన్నా సరే. నేను మొదటిదాన్ని తీసేసి రెండోది పెట్టా. నలుచదరం ఫోటో 1080 బై 1080గా మధ్యలో నిలబడింది. అటు 420, ఇటు 420 పిక్సెళ్లు నలుపు. ఆరు బై నాలుగు ప్రింటుకు అటూ ఇటూ 150 చొప్పున. అది అసలు కనబడనే కనబడదు.

"ఖాళీగా ఉంది, బాలేదన్నా" అన్నాడు తమ్ముడు. వాడు రీల్స్‌ చేస్తాడు. ఖాళీ చోట అదే ఫోటోని పెద్దది చేసి మసకగా పెట్టమన్నాడు. ఇప్పుడు చాలా యాప్‌లు అలాగే చేస్తున్నాయి. పెట్టి చూశా. తాతయ్య ముఖం మధ్యలో, వెనకాల ఆయనదే పొగలాంటి ముఖం ఇంతది. చనిపోయిన మనిషి ఫోటోకి అది అస్సలు నప్పలేదు. బర్త్‌డేకి అయితే మీ ఇష్టం. నా ఓటు నలుపుకే. కాస్త మెత్తగా కావాలంటే ముదురు బూడిద రంగు పెట్టుకోండి. పాత నలుపు తెలుపు ఫోటోల అంచులు దాని మీద బాగా తెలుస్తాయి.

ఖాళీ మరీ ఎక్కువ అనిపించే చోట రెండు ఫోటోల్ని జంటగా పెట్టా. రెండు నిలువు ఫోటోలు పక్కపక్కన పెడితే 1620 పిక్సెళ్ల వెడల్పు. ఇక మిగిలేది మూడొందలే. రెండు నలుచదరాలు అయితే ఒక్కోటి 960కి తగ్గిస్తే తెర వెడల్పు సరిగ్గా నిండుతుంది, పైనా కిందా 60 చొప్పున పట్టీ మిగులుతుంది. ఇందులో ఇంకో లాభముంది. ఏ రెండింటిని పక్కపక్కన పెట్టాలన్నది మన చేతిలో ఉంటుంది. ఇరవయ్యేళ్ల తాతయ్య పక్కన ఇరవయ్యేళ్ల బాబాయ్‌ని పెట్టా. ఇద్దరూ ఒకటే మనిషి. మా పిన్ని అయితే ఫోన్‌ తీసి ఆ తెరనే ఫోటో తీసుకుంది.

కోయొద్దు అంటే అసలెప్పుడూ కోయొద్దని కాదు. తాతయ్య ఒక్కడే పొలం గట్టున నిలబడిన ఫోటో ఒకటుంది. పైన సగం ఉత్త ఆకాశమే. దాన్ని కోశా. కానీ చూసుకుని, చేత్తో కోశా. తేడా అదొక్కటే.

'ఏఐ ఉంది కదా, అదే ముఖాలు చూసుకుని కోస్తుంది' అంటారేమో. కొంతవరకు చేస్తుంది. కానీ పాత ఫోటోలో మసకబారిన గోరంత ముఖాన్ని అది పట్టుకుంటుందన్న గ్యారంటీ లేదు. ఈ విషయంలో ట్విట్టర్‌ కథ తెలుసుగా! ఫోటోల్ని తనంతట తానే కోసి చూపించే ఏర్పాటు పెట్టింది. 2020లో జనం పరీక్షించి చూస్తే, నల్లవాళ్లూ తెల్లవాళ్లూ ఉన్న ఫోటోలో అది తెల్లవాళ్ల ముఖాన్నే ఉంచుతోందని గొడవైంది. కంపెనీయే పరిశీలన చేయించి, 2021లో కొంత మొగ్గు ఉన్నమాట నిజమేనని ఒప్పుకుంది. ఎలా కోయాలన్నది మనుషులకే వదిలేయడం మేలని ఆ ఏర్పాటును పక్కన పెట్టింది. అంత పెద్ద కంపెనీనే వదిలేసిన పనిని నేను అర్ధరాత్రి వసారాలో కూర్చుని చేశానన్నమాట.

మీరు చేసేటప్పుడు

ఇలాంటి పని మీ మీద కూడా పడుతుంది. ఇంట్లో ల్యాప్‌టాప్‌ ఉన్నవాడికి తప్పదు. నాకు తగిలిన ఎదురుదెబ్బలు చెబుతా, మీకు రెండు గంటలు కలిసొస్తాయి.

అన్నిటికంటే ముందు ఒరిజినల్‌ ఫోల్డర్‌ని ముట్టుకోకండి. కాపీ చేసి, కాపీ మీదే ప్రయోగాలు చేయండి. జేపెగ్‌ ఫోటోని మార్చి సేవ్‌ చేసిన ప్రతిసారీ కొంత నాణ్యత పోతుంది. ఒకసారికి తెలియదు, ఐదోసారికి ముఖం మీద చిన్న చిన్న గళ్లు కనబడతాయి. 1971 ఫోటో ఒరిజినల్‌ స్కాన్‌ నా దగ్గర ఉండబట్టి సరిపోయింది. లేకపోతే మళ్లీ గోడ మీది ఫ్రేము విప్పాలి. పాత ఫోటోలు అద్దానికి అతుక్కుపోయి ఉంటాయి. లాగారా, ముఖం అద్దం మీదే ఉండిపోతుంది. అతుక్కుందని అనుమానమొస్తే విప్పకండి, అద్దం పైనుంచే తీయండి.

తీసేటప్పుడు ట్యూబ్‌లైట్‌ కింద వద్దు, అద్దం మీద గీతలా మెరుస్తుంది. ఫ్లాష్‌ అసలే వద్దు. పొద్దున పూట వసారాలో, నీడపట్టున, నేల మీద పరిచి నిటారుగా పైనుంచి తీయండి. గూగుల్‌ వాళ్ల ఫోటోస్కాన్‌ యాప్‌ నాలుగు మూలల నుంచి తీయించి మెరుపు తగ్గిస్తుంది. జిరాక్స్‌ షాపులో స్కానర్‌ ఉంటే ఇంకా మంచిది. '600 డీపీఐ పెట్టు అన్నా' అని అడగండి. అడక్కపోతే కాగితాలకి పెట్టే తక్కువ సెట్టింగ్‌లోనే చేసి ఇచ్చేస్తారు.

వాట్సాప్‌లో తెప్పించుకోవడం నేను చేసిన రెండో తప్పు. మామూలుగా పంపితే ఫోటో బాగా కుంచించుకుపోయి వస్తుంది. ఫోన్‌ మీద బాగానే ఉంటుంది, 43 అంగుళాల టీవీ మీద తేలిపోతుంది. 'డాక్యుమెంట్‌గా పంపు అత్తయ్యా' అంటే ఆమెకు అర్థం కాలేదు. వీడియో కాల్‌లో అటాచ్‌ గుర్తు ఎక్కడుందో చూపించాల్సొచ్చింది. పది నిమిషాలు పట్టింది. ఆ యాభై ఫోటోలూ మళ్లీ వచ్చాక చూస్తే, ఒకదాంట్లో తాతయ్య చేతి గడియారం టైమ్‌ కూడా కనబడుతోంది. నాలుగుంబావు.

నాన్న కీప్యాడ్‌ ఫోన్‌ ఫోటోలు 640 బై 480. వాటిని 1080 ఎత్తుకి లాగితే రెండుంబావు రెట్లు సాగుతాయి. మనుషులు మసకలో కలిసిపోతారు. చిన్న ఫోటోని చిన్నగానే చూపించండి. నేను ఒకటిన్నర రెట్లకు మించనివ్వలేదు. నల్లటి తెర మధ్యలో చిన్నగా, స్పష్టంగా ఉన్న ఫోటో చూసి ఎవరూ ఏమీ అనలేదు. ఏఐతో పెద్దవి చేసే యాప్‌లూ చూశా. కళ్లూ పళ్లూ తళతళ మెరిశాయి. కాకపోతే ఆ కళ్లు తాతయ్యవి కాదు.

ఇక టీవీ చేసే చిలిపి పనులు వేరే. ఫైళ్ల పేర్లు 1, 2, 3 అని పెడితే కొన్ని టీవీలు 1 తర్వాత 10, 11 చూపించి, ఆ తర్వాతెప్పుడో 2కి వస్తాయి. తాతయ్య పెళ్లి కంటే ముందు షష్టిపూర్తి వచ్చేస్తుంది. 001, 002 అని పెట్టండి. ఐఫోన్‌ ఫోటోలు హెచ్‌ఈఐసీ రకంలో ఉంటే చాలా టీవీలు తెరవవు. జేపెగ్‌లోకి మార్చాలి. ఫోన్‌ని నిలువుగా పట్టుకుని తీసినవి కొన్ని టీవీలో పక్కకి పడుకుంటాయి. ఎందుకంటే ఫోన్‌ బొమ్మని తిప్పదు, 'దీన్ని తిప్పి చూపించు' అని ఫైల్లో ఓ చీటీ రాసి పెడుతుంది. ఆ చీటీ చదవని టీవీలున్నాయి. సైజు మార్చేటప్పుడే నిజంగా తిప్పేసి సేవ్‌ చేయాలి. ఇంకొకటి, ఓవర్‌స్కాన్‌. పాత డబ్బా టీవీల కాలం అలవాటు కొద్దీ కొన్ని టీవీలు బొమ్మ అంచుల్ని కొంచెం మింగేస్తాయి. అంటే మనం కోయకపోయినా టీవీయే కోస్తుంది! పిక్చర్‌ సెట్టింగ్స్‌లో స్క్రీన్‌ ఫిట్‌ లాంటి పేరుతో ఉంటుంది, అది ఆన్‌ చేసుకోండి.

టూల్స్‌ అన్నీ ఉచితమే. కమాండ్‌ రాయడం వచ్చినవాళ్లకి ఇమేజ్‌మ్యాజిక్‌ ఉంది. జాన్‌ క్రిస్టీ అనే ఇంజనీర్‌ మొదలుపెట్టి 1990లో అందరికీ ఇచ్చేశాడు. నేను వాడింది అదే. కమాండ్లు వద్దు బాబోయ్‌ అనుకుంటే ఇర్ఫాన్‌వ్యూ. 1996 నుంచి ఉంది, పాత ల్యాప్‌టాప్‌లో కూడా పరిగెడుతుంది. అందులో బ్యాచ్‌ కన్వర్షన్‌కి వెళ్లి 1920, 1080 అని ఇచ్చి, కొలతల నిష్పత్తి చెడకుండా ఉంచే టిక్కు పెట్టండి. ఆ టిక్కు మర్చిపోతే అందరూ లావైపోతారు. పవర్‌పాయింట్‌లో చేసేవాళ్లకి ఒక మాట. 2013 నుంచి అందులో కొత్త స్లైడ్‌ 16:9లోనే తెరుచుకుంటుంది. స్కూల్‌ ప్రొజెక్టర్‌ పాతదైతే 4:3 ఉండొచ్చు. ముందే కనుక్కోండి.

ఆఖరిది టైమ్‌. నేను అన్నిటికీ ఆరు సెకన్లు పెట్టా. ఒక్క మనిషి ఉన్న ఫోటోకి అది ఎక్కువే. పదిహేను మంది ఉన్న గ్రూప్‌ ఫోటోకి ఏ మూలకీ చాలదు. టీవీ ముందు జనాన్ని గమనించండి. ముందు తమని తాము వెతుక్కుంటారు. తర్వాత పక్కనున్నవాళ్లని గుర్తుపడతారు. ఆ తర్వాత 'వీళ్లెవరు' అని మొదలవుతుంది. మాట మొదలయ్యేసరికి ఫోటో పోతే ఇంకెందుకు? టీవీలో ఒక్కో ఫోటోకి వేరే టైమ్‌ పెట్టే వీలుండదు. అందుకే గ్రూప్‌ ఫోటోల్ని రెండేసి కాపీలు వరసగా పెట్టేశా. తెర మీద తేడా తెలియదు, పన్నెండు సెకన్లు నిలబడుతుంది. ఇంత సాఫ్ట్‌వేర్‌ చదివి చివరికి చేసింది కాపీ పేస్టే!

మళ్లీ అదే టీవీ

ఈ ఏడాది తాతయ్య సంవత్సరీకానికి మళ్లీ టీవీ పెట్టాం. ఈసారి 212 కాదు, 140. స్క్రిప్ట్‌ సైజు మార్చాక ప్రతి ఫోటోనీ అసలుదాని పక్కన పెట్టి తలలు లెక్కపెట్టా. నిజంగానే. అసలులో పదకొండు మంది ఉంటే ఇందులో పదకొండు మంది. ఒక రాత్రంతా పట్టింది. అమ్మ మధ్యలో రెండుసార్లు టీ పెట్టింది.

1971 ఫోటోని మొదట పెట్టలేదు, మధ్యలో పెట్టా. వచ్చింది. అటూ ఇటూ నల్ల పట్టీలు. పైన వేపచెట్టు కొమ్మలతో సహా ఉంది. కింద చాప మీద ఆ పిల్ల కాళ్లు ముందుకు చాపుకుని, కెమెరా వైపు కాకుండా పక్కకి చూస్తోంది. నేనూ అప్పటిదాకా ఆ పిల్లని సరిగ్గా చూడలేదు. గోడ మీద ఆ ఫోటో నా చిన్నప్పటి నుంచీ ఉంది. తెర మీద అంత పెద్దగా చూశాకే తెలిసింది, ఆమె చూస్తున్నది మా నాన్నని. నాన్న చేతిలో ఏదో ఉంది. బెల్లం ముక్కో ఏమో.

"అది అడుగుతోంది, వీడు ఇవ్వట్లేదు" అంది నాయనమ్మ. యాభై ఏళ్ల కిందటి తగువు నిన్ననే జరిగినట్టు చెప్పింది. మా నాన్న ఏమీ అనలేదు. టెంటు బయటికెళ్లి నిలబడ్డాడు.

సాయంత్రం బాబాయ్‌ నా దగ్గరికొచ్చి, "చెల్లి పెళ్లికి కోదాడ ఫంక్షన్‌ హాల్లో ఎల్‌ఈడీ వాల్‌ పెట్టిస్తున్నాం. మన ఫోటోలు కూడా వేద్దాం, పెన్‌డ్రైవ్‌ ఇయ్యిరా" అన్నాడు.

"ముందు గోడ కొలత కనుక్కో బాబాయ్‌" అన్నా.

అక్కడే ఫోన్‌ చేశాడు. పన్నెండు అడుగులు బై ఎనిమిది. అంటే 3:2. కొత్త కొలత, స్క్రిప్ట్‌ మళ్లీ మార్చాలి, మళ్లీ తలలు లెక్కపెట్టాలి. నాయనమ్మ మంచం మీద నుంచే వింటోంది.

"ఆ గోడ మీద నా చిన్నది పడుతుందా?" అని అడిగింది.

ఎనిమిది అడుగుల ఎత్తులో పెడితే, చాప మీద కూర్చున్న ఆ మూడేళ్ల పిల్ల ఎంత ఉంటుందో లెక్కగట్టి చెప్పా. దాదాపు నీ మోకాలెత్తు వస్తుంది నాయనమ్మా అని.